కనబడని దెబ్బకు పరిహారం

బొర్రా గుహల దారిలో, బొంగులో చికెన్ పొగల మధ్య, మెల్‌బోర్న్ నుంచి సెలవుకొచ్చిన నర్సును అక్క కొడుకు అడిగాడు: “దెబ్బే తగల్లేదు కదా, డబ్బులెందుకిచ్చారు పిన్నీ?”

ఆమెది అనంతగిరి మండలంలోని గిరిజన కుటుంబం. మెల్‌బోర్న్‌లో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పని. సూపర్‌వైజర్ పదిమందిలో ఆమె ఇంగ్లిషును వెక్కిరించేది, చెప్పకుండా రోస్టరులోంచి పేరు తీసేసేది, భోజనం దగ్గర ఆమె పక్కన కూర్చున్నవాళ్లను లేపేసేది. కొన్ని నెలలకు డ్యూటీకి బయల్దేరాలంటేనే వాంతులు పట్టుకున్నాయి. డాక్టరు డిప్రెషన్ అని రాసిచ్చాడు. ఆ సర్టిఫికెట్‌తో ఆమె, పనివల్ల గాయపడ్డవాళ్లకు పరిహారమిచ్చే వర్క్‌కవర్ పథకానికి దరఖాస్తు పెట్టింది. ఏ రోజు ఏమన్నారో, ఎవరు విన్నారో రాసుకున్న నోటుపుస్తకమే ఆమెకు సాక్ష్యమైంది.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో మానసిక గాయానికి దరఖాస్తు పెడితే, నిర్ణయం రాకముందే 13 వారాల దాకా వైద్య ఖర్చులు ఇస్తారు. క్లెయిం ఒప్పుకుంటే మొదటి 13 వారాలు జీతంలో 95 శాతం, తర్వాత 80 శాతం వస్తుంది. దానికీ గరిష్ఠ పరిమితి ఉంది. 2024 మార్చి 31 నుంచి నిబంధనలు బిగించారు. జబ్బుకు ఉద్యోగమే ప్రధాన కారణమని తేలాలి. మామూలు పని ఒత్తిడి చాలదు. ఇది బాధితులకు అన్యాయమే. వేధింపును రోజువారీ పని ఒత్తిడిగా కొట్టిపారేయడం యాజమాన్యాలకు తేలిక.

తీవ్రమైన వేధింపును ఆ రాష్ట్రం నేరంగానూ చూస్తుంది. 2006లో మెల్‌బోర్న్‌లో ఒక కేఫ్‌లో పనిచేసే 19 ఏళ్ల బ్రోడీ పాన్‌లాక్, తోటి ఉద్యోగుల వేధింపులు భరించలేక ప్రాణం తీసుకుంది. ఆమె తల్లిదండ్రులు పోరాడాక, 2011లో విక్టోరియాలో తీవ్రమైన వేధింపు పదేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరమైంది.

అక్క కొడుకు విశాఖలో ఒక హోటలు వంటింట్లో పనిచేస్తాడు. పేరుతో పిలవరట, “ఒరే కొండోడా” అంటారట. “మరి నాకిస్తారా?” అన్నాడు.

ఇవ్వరు. మన 1923 నాటి పరిహార చట్టం ప్రమాదాన్ని చూసింది, సీసం విషాన్ని, సిలికోసిస్‌ను గుర్తించింది. మనసు జబ్బు ఆ చట్టం జబ్బుల జాబితాలో లేదు. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్ జాబితాలోనూ లేదు. పని మీదుండగా గుండె ఆగి చనిపోయిన లారీ డ్రైవర్ కుటుంబానికి 2012లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. ఒత్తిడిని గుర్తించడానికి మనిషి చచ్చిపోవాలా?

దారి బొత్తిగా లేదని కాదు. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం పరిహారం లెక్కలో స్త్రీ మానసిక క్షోభను చేర్చింది. గిరిజనుణ్ని నలుగురి ఎదుట కావాలని అవమానిస్తే అట్రాసిటీ చట్టం ఉంది. మిగతా వేధింపులకే గతి లేదు.

ఏజెన్సీ భూముల్లో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని 1997లో సమత సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు తెచ్చుకున్నది ఈ బొర్రా కొండలే. అడిగితే ఈ హక్కూ వస్తుంది. మానసిక గాయాన్ని కోడ్ జాబితాలో చేర్చాలని కార్మిక సంఘాలు అడగాలి. విదేశాల్లో ఈ హక్కు అనుభవిస్తున్న తెలుగువాళ్లు గొంతు కలపాలి. ఇప్పుడు వేధింపు పడుతున్నవాళ్లు ఈరోజే తేదీ వేసి జరిగింది రాసి పెట్టుకోండి, డాక్టరుకు చూపించుకుని కారణం చీటీలో రాయించుకోండి.