చర్మం కాలినా నిలిచిన ఎముకలు

మాంట్రియల్‌లో 1967 ఎక్స్‌పో కోసం బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ డిజైన్ చేసిన అమెరికా పెవిలియన్ 76 మీటర్ల వెడల్పున్న గోళం. 1976 మేలో రిపేర్లు జరుగుతుండగా దానికి నిప్పంటుకుంది. పైనున్న యాక్రిలిక్ పలకలన్నీ కాలిపోయాయి. స్టీలు గొట్టాల అల్లిక మాత్రం మిగిలింది. ఇప్పటికీ ఆ చర్మం లేకుండానే మంచులో నిలబడి ఉంది.

భీమిలి దగ్గర సముద్రం పక్కన చిన్న డోమ్ ఇల్లు కట్టుకోవాలని నా ఆశ. 2014లో హుద్‌హుద్‌ని చూసిన అమ్మది ఒకటే ప్రశ్న: "ఎగిరిపోదూ?"

అమ్మేవాళ్లు మాత్రం స్టీలు మందం గురించే చెప్తారు. మందం ముఖ్యమే. కానీ డోమ్‌ని నిలబెట్టేది త్రికోణం. చతురస్రాన్ని మూల పట్టుకుని నెడితే ఒరిగిపోతుంది. త్రికోణం ఒరగాలంటే ఏదో ఒక భుజం వంగాలి, లేదా కీలు ఊడాలి. అందుకే నా చూపంతా కీళ్ల మీదే. మా తీరంలో శత్రువు మంచు కాదు, ఉప్పుగాలి. పూత వేశాక గొట్టాన్ని కోస్తే ఆ అంచు ఉత్త ఇనుమే, తుప్పు అక్కడే మొదలవుతుంది. కోతలు, కన్నాలు అన్నీ అయ్యాక కరిగిన జింకులో ముంచి తీసినవే కావాలంటున్నాను. ఖర్చు ఎక్కువే.

అమ్మ ప్రశ్నకి జవాబు ఇంకా కిందుంది. తుఫాను గాలి నెట్టడమే కాదు, పైకి లాగుతుంది కూడా. తేలికైన డోమ్‌ని కాంక్రీటు పునాదికి గట్టిగా బిగించాల్సిందే.

డబ్బు చాలకపోతే పైకప్పు చవకది వేసుకుంటాను. అది చిరిగితే మార్చుకోవచ్చు. కీళ్ల దగ్గరా పునాది దగ్గరా మాత్రం బేరం లేదు.