సైకిలుకి కొత్త క్రాంకులు

బదిలీ ఆర్డరు వచ్చిన ఇంట్లో సామాన్లు రెండు రకాలు: లారీ ఎక్కేవి, ఎక్కనివి. ఈసారి మా సైకిలు రెండో రకంలో పడబోయింది.

తాతయ్య విజయనగరంలో కొన్న నల్ల సైకిలు అది. ఖరగ్‌పూర్ చూసింది, ఇప్పుడు నాగ్‌పూర్‌లో ఉంది. కిందటి బదిలీలో బీరువా ఒరిగి కుడి క్రాంకు వంగింది. ఎడమ క్రాంకు బాధ వేరు. దాన్ని ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను అరిగిపోయి, పిన్ను కూర్చునే రంధ్రం కూడా కోలగా అయింది. కొత్త పిన్ను వేసినా వారం తిరక్కుండానే మళ్లీ టక్ టక్. "పాత ఇనుము వాడికి ఇచ్చేద్దాం" అంది అమ్మ. నాన్న అప్పటికే బిలాస్‌పూర్‌లో చేరిపోయారు. మా పరీక్షలయ్యేదాకా మేం ఇక్కడే.

దాంతో అక్కాతమ్ముళ్లం మేమే పూనుకున్నాం. పాత పిన్ను పట్టుకెళ్లి చూపించి, అదే లావు పిన్నులు రెండు, ఎడమ క్రాంకు, పళ్లచక్రంతో కలిసి వచ్చే కుడి క్రాంకు కొన్నాం. మరాఠీ సరిగ్గా రాకపోయినా పనైపోయింది. పానాని ఇక్కడ కూడా పానా అనే అంటారు!

ముందు రోజు రాత్రి పిన్నుల మీద కిరసనాయిలు చుక్కలు వేశాం. పొద్దున్న నాన్న ఫోన్‌లో ఒకటే మాట: "ఒరే, ముందు కింద ఆనింపు, తర్వాతే సుత్తి." ఆనింపు లేకుండా కొడితే దెబ్బంతా ఇరుసు దగ్గరి బాల్సు మీద పడుతుందట. క్రాంకు కింద ఇనుప గొట్టం ముక్క నిలబెట్టాం. పిన్ను ఊడితే ఆ గొట్టంలోకే దిగుతుంది. నట్టు పూర్తిగా తీయకుండా పిన్ను కొసకి సమంగా ఉంచాం, మరలు చితక్కుండా. పది చిన్న దెబ్బల కన్నా ఒక్క గట్టి దెబ్బ మేలు. అక్క కొట్టింది, తమ్ముడు సైకిలు పట్టుకున్నాడు. మూడో దెబ్బకి కదిలింది.

పెడళ్లు పాతవే. ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది, విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. ఇది తెలియకపోతే ఎంత బలముపయోగిస్తే అంత బిగుసుకుంటుంది.

అసలు కిటుకు పిన్నుల దగ్గరుంది. పిన్నుకి ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది. అది ఇరుసు మీది గాడికి ఆనాలి. ఒక పిన్ను నట్టు పైకి ఉంటే రెండోది కిందికి ఉండాలి. రెండూ ఒకే వైపు నుంచి దూరిస్తే క్రాంకులు రెండూ ఒకే గీత మీదికి రావు, తొక్కుతుంటే కాళ్లకి తేడా తెలుస్తుంది. పిన్నుని సుత్తితోనే లోపలికి దింపి, ఆ తర్వాత నట్టు బిగించాం. నట్టుతో లాగితే మరలు పోతాయి.

చైను ఎక్కించి, క్వార్టర్స్ చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టాం. చప్పుడు లేదు. రెండు రోజులు తొక్కాక నట్లు ఇంకో అరచుట్టు తిరిగాయి. కొత్త పిన్ను కుదురుకునేటప్పుడు అలాగే అవుతుందన్నారు నాన్న.

లారీ కోసం అమ్మ రాస్తున్న సామాన్ల జాబితాలో కుక్కరు తర్వాత "సైకిలు – 1" అని ఉంది. పానా మాత్రం మా చేతిసంచిలోనే వస్తుంది.