తలకు తీగలు పెడ్తరట

పోయిన సెమిస్టర్ల రెండు నెలలు నిద్ర లేదు, మెస్ అన్నం సహించలే. రామగుండం హాస్టల్ గదిల గోడ దిక్కు తిరిగి పండుకునేటోణ్ణి. ఇంట్ల చెప్తే గాలి సోకిందంటరని చెప్పలే.
ఒక రాత్రి ఫోన్‌ల న్యూరోఫీడ్‌బ్యాక్ వీడియో కనబడ్డది. తలకు తీగలు పెడితే మెదడు తరంగాలు తెర మీదికొస్తయి. కావల్సిన తరంగం పెరిగితే బొమ్మ కదుల్తది, అట్ల మెదడుకు అలవాటు చేస్తరు. మనిషి తల మీద ఆ తరంగాలను 1924లో మొదట పట్టింది జర్మనీ డాక్టర్ హన్స్ బెర్గర్. డిప్రెషన్ల నుదుటి ఎడమ, కుడి వైపుల ఆల్ఫా తరంగాల్లో తేడా ఉంటదని కొన్ని పరిశోధనలు అన్నయి, కొన్నింట్ల అది దొరకలే. అందుకే మందులకు, కౌన్సెలింగ్‌కు బదులు దీన్ని ఇంకా నమ్ముకోలేం. పైగా చాలా సిట్టింగులు కావాలె. (మన స్కాలర్‌షిప్ ఎప్పుడు పడ్తదో తెల్సు కదా!)
ఆఖరికి టెలిమానస్ 14416కు చేసిన. ఫ్రీ, తెలుగుల మాట్లాడొచ్చు. అవతలి అక్క "ఇయ్యాల తిన్నవా తమ్ముడూ" అనంగనే ఏడ్పొచ్చింది. ఇప్పుడు మందులు నడుస్తున్నయి. నిన్న అవ్వకు చెప్పిన. గాలి అనలే, ఎప్పుడొస్తవ్ అన్నది.