అమ్మకీ సైకాలజిస్టుకీ మధ్య నేనెందుకు?

నాన్న పోయాక అమ్మకు నిద్ర కరువైంది. గుండెల్లో గాబరా, అరికాళ్లు మంటలు, అన్నం సయించదు. గుండె డాక్టరు అన్నీ చూసి గుండెకేం కాలేదన్నాడు. సరేనని మదీనాగూడలో అక్కావాళ్ల అపార్ట్‌మెంటుకు దగ్గర్లో ఉన్న కౌన్సెలింగ్ సెంటరుకు తీసుకెళ్లాం. చేతిలో పెట్టిన ఫారమంతా ఇంగ్లీషే. లోపలున్న అమ్మాయి మర్యాదస్తురాలు, చదువుకున్న పిల్ల. "ఆంటీ, మీ యాంగ్జైటీని వన్ టు టెన్ స్కేల్‌లో రేట్ చేయండి" అంది. అమ్మ నా ముఖంలోకి చూసింది. అక్కణ్ణుంచి గంటసేపు ఆ అమ్మాయి అడిగేవి అమ్మకు తెలుగులో చెప్పడం, అమ్మ చెప్పేవి ఆ అమ్మాయికి ఇంగ్లీషులో చెప్పడం నా పనైంది. మధిర పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషికి హైదరాబాదులో తన దుఃఖం చెప్పుకోవడానికి మధ్యలో ఇంకో మనిషి కావలసొచ్చింది. నాకా కోపం ఇంకా దిగలేదు.

నేనుండేది ఎల్ పాసోలో, టెక్సాస్‌కు పడమటి కొసన. రియో గ్రాండే వంతెన దాటితే మెక్సికో ఊరు సియుదాద్ హ్వారెస్. మా ఊళ్లో నూటికి ఎనభైమందికి పైగా హిస్పానిక్‌లే. మా పక్కింటమ్మాయి సైకాలజీలో డాక్టరేట్ చేసి, ఇప్పుడు లైసెన్సు కోసం పనిచేస్తోంది. టెక్సాస్‌లో 3,500 గంటలు పెద్దల పర్యవేక్షణలో పనిచేస్తే గాని లైసెన్సు రాదు. అందులో సగం డాక్టరేట్ వచ్చాక చేయాల్సిందే. ఆ అమ్మాయికి స్పానిష్ పుట్టుకతో వచ్చింది. అయినా అది చాలదన్నారు. అమ్మమ్మతో వంటింట్లో మాట్లాడే భాషతో, చచ్చిపోవాలనుందా అని ఒక ముసలాయన్ని అడగడం కుదరదు కదా. అందుకని కేసు రాయడం, ప్రశ్న వేయడం, పైవాళ్లతో చర్చించడం, అన్నీ స్పానిష్‌లో మళ్లీ నేర్చుకుంది. శాన్ ఆంటోనియోలో అవర్ లేడీ ఆఫ్ ది లేక్ యూనివర్సిటీ అయితే స్పానిష్ మాట్లాడేవాళ్లకు సేవ చేయబోయే సైకాలజిస్టుల కోసం ప్రత్యేకంగా ఒక సర్టిఫికెట్టే పెట్టింది. అవసరం అంతుంది మరి. 2020 జనగణనలో అమెరికా జనాభాలో దాదాపు 19 శాతం హిస్పానిక్‌లని తేలితే, స్పానిష్‌లో వైద్యం చేయగలిగిన సైకాలజిస్టులు నూటికి ఐదారుగురేనని అక్కడి సైకాలజిస్టుల సంఘం 2015 సర్వే చెప్పింది.

ఆ పిల్ల చెప్పినవాటిలో నా మనసులో నాటుకున్నది వేరే ఉంది. వచ్చినావిడ కూర్చోగానే తన బాధ చెప్పదట. మీ అమ్మావాళ్లది ఏ ఊరు, చిహువాహువా వైపా, పెళ్లయిందా అని అడుగుతుందట. జవాబు చెప్పమనే నేర్పారట పైవాళ్లు. ఆ ఇళ్లల్లో నమ్మకం ముందు మనిషి మీద కుదురుతుంది, డిగ్రీ మీద తర్వాత. మదీనాగూడలో మా అమ్మ అడిగిందీ అదే. "మీదే ఊరు తల్లీ?" అంది. "ఈ సెషన్ మీ గురించి ఆంటీ, నా గురించి కాదు" అని జవాబొచ్చింది. ఆ తర్వాత అమ్మ నోట అవును, కాదు తప్ప ఇంకో మాట రాలేదు.

పైగా మధ్యలో నేను! ఎల్ పాసోలో ఒక తరం పిల్లలు ఆస్పత్రుల్లో తల్లుల జబ్బుల్ని డాక్టర్లకు ఇంగ్లీషులో చెబుతూ పెరిగారు. ఆ పద్ధతి తప్పని తెలుసుకుని, ఇంటివాళ్ల చేత అనువాదం చేయించి సరిపెట్టుకోవద్దని 2016లో ఆరోగ్య చట్టం కింద నిబంధన పెట్టారు. ఎందుకో ఆ గదిలో నాకు బాగా తెలిసింది. నాన్న పోయిన రోజు నేను ఎల్ పాసోలో ఉన్నాను. అమ్మ గుండెల్లో ఉన్నది ఆ మాటే అయితే, దాన్ని నా నోటితోనే ఎలా చెప్పిస్తుంది?

ఇది చదివి అక్కడంతా బంగారమనుకోవద్దు. ఇన్సూరెన్సు లేనివాళ్లు ఎక్కువున్న రాష్ట్రం టెక్సాసే. పంటి నొప్పికి, బీపీ మాత్రలకు మా ఊరివాళ్లు వంతెన దాటి హ్వారెస్ వెళతారు. ఇంగ్లీషు రానివాళ్లకు ప్రభుత్వ సేవలు అందాలని 2000లో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వును 2025 మార్చి 1న ట్రంప్ రద్దుచేశాడు. ఇంగ్లీషే అధికార భాష అన్నాడు. 1848 దాకా మా ఊరి దగ్గర రియో గ్రాండేకు రెండు గట్లూ మెక్సికోవే! ఇక అక్కడి ఒంటరితనం గురించి చెప్పనే అక్కర్లేదు. మదీనాగూడలో నాన్న పోయిన వారమంతా అక్కావాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు ఆ ఫ్లోరువాళ్లు. క్యారియర్లు వస్తూనే ఉన్నాయి. పై ఫ్లాటు ఒడియా అమ్మాయి అమ్మ దగ్గర పడుకుంది. అలాంటి సాయం ఎల్ పాసోలో నాకు దొరుకుతుందని అనుకోను.

అయినా పోలిక ఇక్కడే ఆగిపోతుంది. అక్కడ స్పానిష్‌ను పరాయి భాషగా చూస్తారు. ఇక్కడ తెలుగే రాష్ట్ర భాష. ఆ కౌన్సెలింగ్ అమ్మాయీ తెలుగు పిల్లే. ఫోన్లో వాళ్లమ్మతో చక్కగా తెలుగులో మాట్లాడింది, నేను విన్నాను. దుఃఖం గురించి అడగాల్సిన చోట మాత్రం తెలుగు రాలేదు. ఆ పిల్లకు నేర్పలేదు, అంతే. మియాపూర్ నుంచి చందానగర్ దాకా సాఫ్ట్‌వేర్ పిల్లల కోసం పుట్టిన సెంటర్లివి. వాళ్లకు ఇంగ్లీషు సరిపోతుంది. మనవల్ని చూసుకోవడానికి ఊళ్లు వదిలొచ్చిన అమ్మలు, నాన్నలు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్లు, పనిమనుషులు ఎవరి దగ్గరికి పోవాలి?

మా పల్లెలో అయితే అప్పట్లో ఒక ఆర్ఎంపీ ఉండేవాడు. నాయనమ్మకు కాళ్లు లాగినా, నిద్ర పట్టకపోయినా సైకిలేసుకుని వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని కోడళ్ల సంగతి, పొలం గట్టు తగాదా, చనిపోయిన చిన్నబాబాయి సంగతి అంతా వినేవాడు. చివర్లో బీకాంప్లెక్స్ సూది వేసి పోయేవాడు. నాయనమ్మ ఆ రాత్రి నిద్రపోయేది. ఆయనకు సైకాలజీ తెలియదు, జబ్బు ముదిరితే ప్రమాదమే. కానీ వినడం తెలుసు.

హైదరాబాదులో చదువుకునే రోజుల్లో బస్సు కండక్టరు "ఎర్రగడ్డ" అని కేకేస్తే వెనక సీట్లో నవ్వులు వినిపించేవి. ఆ నవ్వంటే నాకు అప్పుడూ ఒళ్లు మండేది. ఈరోజు నాకు భరోసా ఇస్తున్నది ఆ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రే. అక్కడి ఓపీలో తెలుగు, ఉర్దూ లేకుండా పూట గడవదు. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు అర్ధరాత్రి చేసినా తెలుగులో పలుకుతారు. డిప్రెషన్‌ను పట్టుకునే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నల పట్టీ తెలుగులోనూ ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 22వ సెక్షన్, రోగికి చెప్పాల్సిన సమాచారం అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలంటోంది. ఇవన్నీ ఉండగా మదీనాగూడలో ఫారం ఇంగ్లీషులోనే ఎందుకుండాలి?

క్లినికల్ సైకాలజీ శిక్షణకు గుర్తింపునిచ్చేది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. తెలుగు రాష్ట్రాల్లో శిక్షణ పొందే ప్రతి పిల్లా, పిల్లాడూ పూర్తిగా తెలుగులో నడిపిన సెషన్లు ఇన్ని గంటలని లెక్క రాయించండి. పక్కన తెలుగులో వినగలిగిన సీనియర్‌ను కూర్చోబెట్టి, ఆ గంటల మీద వారి సంతకం పెట్టించండి. ఏ ఊరు తల్లీ అని అడిగినప్పుడు ఏం చెప్పాలో కూడా ఆ గంటల్లోనే నేర్పించండి.