పాటల చందా

రేడియో మాట విడిచినచో, మొన్నమొన్నటి వరకు పాటను కోరినప్పుడెల్ల వినదలచినవాడు దానిని మొదట సొంతము చేసికొనవలసియుండెను. గ్రామఫోను రికార్డైనను, క్యాసెట్టైనను, తుదకు డౌన్‌లోడు చేసికొన్న ఎంపీత్రీ యైనను ఈ నియమమును మార్చలేదు. పదిహేనేండ్ల క్రిందట మన ఊళ్ల సెల్‌ఫోను దుకాణములలో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు, మనమిచ్చిన 2 జీబీ మెమరీ కార్డులో, పాటకు సుమారు 4 ఎంబీల లెక్కన, దాదాపు 500 పాటలు ఎక్కించి యిచ్చెడివాడు. కార్డు నిండిన పిమ్మట కొత్త పాట కావలెనన్నచో పాతదాని నొకదానిని చెరిపివేయక తప్పెడిది కాదు. అమెరికాలో 2003లో ఐట్యూన్స్ అంగడి తెరచి పాటకు 99 సెంట్లు వెల కట్టినప్పుడును కొనువాడు 30 సెకన్ల మచ్చు మాత్రమే విని, ఇది తనకు చిరకాలము నచ్చునో లేదో తేల్చుకొని, అటుపైని రొక్కము చెల్లింపవలసివచ్చెను. అందుచేతనే మనిషి తానెరిగిన పాటనే మరల మరల కోరుకొనెను.

చందా పద్ధతి ఈ ముందుతీర్పును తొలగించినది. దాని ఆకర్షణ యంతయు నాకిందే కనబడుచున్నది. 2008లో స్వీడనున సేవ లారంభించిన స్పాటిఫై మన దేశమునకు 2019లో వచ్చినది. గానా, సావన్ వంటివి అంతకుముందే యుండెను. 2016లో జియో రాకతో డేటా చౌకయై వానికి దారి సుగమమైనది. నెల చందా కట్టిన పిమ్మట కుతూహలమునకు వేరే వెల లేదు. 'శంకరాభరణం' చిత్రమునకై హిందోళ రాగమున కూర్చిన 'సామజవరగమన' వినుచున్న యువకుడు, ఆ యెత్తుగడతోనే త్యాగరాజస్వామి కృతి యొకటి అదే రాగమున కలదని తెలిసి దానిని వెదకి, గాత్రమున నొకరిని, వీణపై నొకరిని, నాగస్వరముపై మరియొకరిని విని, హిందోళమునకు సాటియైన రాగమును హిందుస్తానీవారు మాల్కౌంస్ అందురని గ్రహించి, 1952 నాటి 'బైజూ బావరా'లో నౌషాద్ ఆ రాగమున కట్టి రఫీచే పాడించిన భజనను ఆ సాయంకాలమే చేరుకొనగలడు. వెనుకటి పద్ధతిలోనైనచో ఇన్ని మజిలీలకు ఇన్నిమార్లు డబ్బు లెక్కపెట్టుకొని, బహుశః మొదటి మజిలీయందే ఆగిపోయియుండును.

సొంతము చేసికొన్న పాటయే పదిలము కదా యని కొందరనవచ్చును; కాని పాట పదిలముగా నున్నంత మాత్రమున బ్రదికియున్నదనుటకు వీలులేదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు వేలకొలది రాగిరేకులపై చెక్కబడి, తిరుమల ఆలయ భాండాగారమున శతాబ్దులపాటు చెక్కుచెదరక యుండెను. ఇరువదవ శతాబ్దిలో వానిని వెలికితీసినప్పుడు సాహిత్యము దక్కినది, రాగనామములు దక్కినవి, బాణీలు మాత్రము చాలవరకు దక్కలేదు, ఏలయన పాడువారి పరంపర నడుమ తెగిపోయినది. త్యాగరాజు కృతులన్ననో శిష్యుల కంఠములలో తిరుగుచు వరుసలతో కూడ మన కాలమునకు వచ్చి చేరినవి. ఎవ్వరును తెరవని హార్డు డిస్కులో వేయి పాటలు దాచుకొన్నవానికంటె, ఏ పాటయు దాచుకొనక ప్రతిదినము క్రొత్త కృతి నొకదానిని వినువాడే సంగీతమునకు హితుడని నే ననుటకు కారణ మిదియే.

ఇట్లని చేతనున్నదెల్ల విడిచిపెట్టుటయు తగదు. స్పాటిఫైలో చందాదారుడు డౌన్‌లోడు చేసికొన్న పాట ఆ యాప్‌లోనే పలుకును, 30 దినముల కొకమారైనను ఇంటర్నెట్టుకు తగిలింపనిచో మూగవోవును. 2023లో ఆ సంస్థకును జీ మ్యూజిక్కుకును ఒప్పందము ముగిసినప్పుడు పెక్కు హిందీ చిత్రగీతములు ఒక్కసారిగా కనబడకుండపోయెను. కావున ఘంటసాల భగవద్గీత వంటివి లేనిదే ఇల్లు గడవని కుటుంబమువారు వాని సొంత ప్రతిని ఉంచుకొనుట మేలు.

నా అసంతృప్తి వేరొకటి కలదు. పూర్వము సినిమా హాళ్లవద్ద అమ్మిన పాటల పుస్తకములలో రచయిత పేరు, గాయకుల పేర్లు అచ్చయి యుండెడివి. కోట్లకొలది పాటలను సమకూర్చిన ఈ సేవలలో పాత తెలుగు పాట యెదుట రచయిత పేరు తరచు కానరాదు, రాగము మాట చెప్పనే అక్కరలేదు. హిందోళము నుండి హిందోళమునకు శ్రోతను నడపించునవి ఆ పేర్లే కనుక, నెలనెల మనము కట్టు చందాలో కొంత వానిని సేకరించి సరిగా వ్రాయించుటకు వెచ్చింపుడని మనము గట్టిగా అడుగవలెను.