పెరటి కోళ్లకు పులిసిన మేత

పెరటి కోళ్ల మేతను పులియబెట్టడమంటే నూకలు, తవుడు, చితక్కొట్టిన మొక్కజొన్న వంటివి నీళ్లలో నానబోసి, ఒకటి రెండు రోజులు మూతపెట్టి, పుల్లబడ్డాక వేయడం. తరవాణి కుండ ఎరిగిన గోదావరి ఇళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల రైతులు కూడా తవుడును బెల్లం, ఈస్టు కలిపి పులియబెట్టి చెరువుల్లో చల్లుతుంటారు. చెరువులో దానివల్ల నీటిలోని సూక్ష్మజీవులు పెరిగి రొయ్యకు తిండి అవుతాయి. కోడి మాత్రం ఆ మేతను నేరుగా తింటుంది. అందుకే ఇక్కడ శుభ్రత మరింత ముఖ్యం.

పులియబెట్టే పని చేసేది గింజ మీదే ఉండే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా. అవి గింజలోని చక్కెరలను ఆమ్లంగా మారుస్తాయి. పీహెచ్ 4 దాపుకు దిగితే సాల్మొనెల్లా, ఈ కోలి వంటి రోగక్రిములు పెరగలేవు. మొదటి కొన్ని గంటల్లో ఇంకా పులుపెక్కదు కాబట్టి చెడు క్రిములకు అదే అదను. నిన్నటి పులిసిన మేత గరిటెడు మిగిల్చి కొత్తదానిలో కలిపితే ఆ వ్యవధి తగ్గుతుంది.

రెండో లాభం భాస్వరం. తవుడులోని భాస్వరం చాలావరకు ఫైటేట్ రూపంలో ఉంటుంది. దాన్ని కోడి సరిగా అరిగించుకోలేదు. పులిసేటప్పుడు అందులో కొంత విడివడి వంటికి పడుతుంది. పైగా తడి మేతలో దుమ్ము లేవదు, ఎండాకాలంలో మేతతోపాటు నీళ్లూ కడుపులోకి వెళతాయి.

పులుపు బాగుచేయలేనివీ ఉన్నాయి. వాటిలో మొదటిది బూజు విషం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలోని అఫ్లటాక్సిన్ అందుకు కారణమని తేలింది. ఆ విషం ఇంట్లో పులియబెట్టినంత మాత్రాన పోదు. కొల్లేటి తేమగాలిలో, వానాకాలంలో, తేమ 14 శాతం దాటిన మొక్కజొన్నకు బూజు పట్టడం తేలిక. మిల్లు నుంచి తెచ్చి చాలారోజులైన తవుడులో నూనె చెడి ముక్క వాసన వస్తుంది. అదీ పులుపుతో బాగుపడదు. బూజు గింజను, ముక్కిన తవుడును పారబోయవలసిందే.

కంపెనీ దాణా సంగతి వేరు. అందులో విటమిన్లు, లైసిన్ వంటి అమైనో ఆమ్లాలు కొలతగా కలిపి ఉంటాయి. విడిగా కలిపిన లైసిన్‌లో కొంత పులిసేటప్పుడు సూక్ష్మజీవుల పాలవుతుంది. డబ్బు పెట్టి కొన్న పోషకాన్ని అలా పోగొట్టుకోవడం దండగ. దాణాను పొడిగానే వేయడం మేలు.

చేసే పద్ధతి సులువు. మూత ఉన్న ప్లాస్టిక్ బక్కెట్‌లో మేత పోసి, రెండు వేళ్ల ఎత్తు తేలేలా మంచినీళ్లు పోయాలి. కొల్లేటి ఊళ్లలో ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు వాడకూడదు. మూత బిగించకుండా, రోజుకు రెండుసార్లు కలియబెట్టాలి. వేసవిలో ఒక రోజు చాలు. సంక్రాంతి చలిలో రెండు మూడు రోజులు పట్టవచ్చు. చిన్న బుడగలు, పుల్లని వాసన వస్తే సరిగా పులిసినట్టు. సారా వాసన వస్తే ఎక్కువ పులిసినట్టు; కుళ్లు వాసన వచ్చినా, రంగు బూజు కనబడినా పారబోయాలి. గుల్లల పొడి, సున్నపురాయి పులుపును విరిచేస్తాయి గనుక బక్కెట్‌లో కలపకుండా వేరే పళ్లెంలో పెట్టాలి. అరగంటలో తినేంతే వేసి, తొట్టి కడగాలి.

పులిసిన మేత టీకాకు బదులు కాదు. కొక్కెర తెగులుకు టీకా వేయించాల్సిందే. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో నిర్ధారణ అయిన బర్డ్ ఫ్లూ వంటిదాన్ని ఏ మేతా ఆపలేదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పల్లె పెరళ్ల కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ గానీ, నాటు కోళ్లు గానీ తిరిగి మేసి, పైన నూకలు, తవుడు తినేవైతే పులియబెట్టడం లాభమే. తాజా తవుడు, మంచినీళ్లు, రోజూ బక్కెట్ కడిగే ఓపిక ఉన్న ఇల్లు నిశ్చింతగా మొదలుపెట్టవచ్చు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా పొడి మేతే క్షేమం.