అవ్వ మాటలో పోయిన ‘శ’

చవక హెడ్‌ఫోన్ సౌండు బాగు చేసుకునేది ఎట్లా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. నేను బాగు చేసుకున్నదీ, చెడగొట్టుకున్నదీ రెండూ రాస్తా.

మాది ఇందుకూరుపేట వైపు. నాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా. రాత్రిళ్లు ఏరియేటర్ల మోతలోనే నా చదువు. నాలుగొందల హెడ్‌ఫోన్, రేకు డబ్బాలో మాట్లాడినట్టు వినపడేది.

మొదట చూసింది కుషన్. రెక్సిన్ పెచ్చులూడి చెవికి సరిగ్గా ఆనడం లేదు. సందులుంటే బేస్ బయటికి పోతుంది, బయట మోత లోపలికొస్తుంది. కుషన్ కింద పాత స్పాంజి సన్నగా గుండ్రంగా కత్తిరించి పెట్టా. సగం రోగం అక్కడే పోయింది. వాల్యూమ్ కూడా చాలా తగ్గించుకున్నా. వారానికి 40 గంటలు వినేవాళ్లు 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

తర్వాత స్క్రూలు విప్పి, ఖాళీ డిప్పలో చిటికెడు దూది విడదీసి పరిచా. గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దాన్ని దూది పీల్చుకుంటుంది. డబ్బా మోత తగ్గింది. లోపలి తీగలు వెంట్రుకల్లాంటివి, లాగొద్దు. స్పీకరుకు అయస్కాంతం ఉంటుంది, స్క్రూ దాని మీదికి ఎగిరి పొరను చించగలదు, దూరంగా పెట్టండి.

అక్కడితో ఆపుంటే బాగుండేది. కీచుమంటోందని స్పీకరు ముందు పేపర్ టేపు రెండు పొరలు అంటించా. వినేదానికి మెత్తగా, హాయిగా ఉండాది.

ఆ హాయిలోనే మా అవ్వ రికార్డింగులు రాసుకున్నా. పోయిన ఏడాది అవ్వ పోయింది. ఆకులు, వేర్ల గురించి ఆమె చెప్పింది ఫోన్లో ఉన్నదే మాకు మిగిలింది. పాము కాటు మాట దగ్గర ‘నల్లేరు’ అని రాశా. చెల్లి ఫోను స్పీకర్లో విని, “అవ్వ నల్లేశ్వరి అంటా ఉంది గదన్నా, నల్లేరు ఎముకలకు గదా!” అనింది.

‘స’, ‘శ’ లాంటి అక్షరాల బలమంతా వేల హెర్ట్జ్‌ల పైస్థాయి శబ్దంలో ఉంటుంది. నా టేపు మింగేసింది దాన్నే. టేపు పీకి విన్నా. ‘శ’ ఉంది. అవ్వ ఎప్పుడూ సరిగ్గానే చెప్పింది.

అందుకే ఒక మాట. ముందు ఒక చెవి వైపే మార్చండి, రెండో దాంతో పోల్చండి. పాటతో కాదు, తెలిసిన మనిషి గొంతుతో. పాము కరిస్తే మాత్రం ఆస్పత్రికే పోవాల, ఆకుల పేర్లు మన జ్ఞానం నిలవడానికి.

వెన్నెలకంటి రాఘవయ్య గారు 1962లో యానాదుల మీద పుస్తకం రాశారు. అవ్వల గొంతులు మాత్రం మన ఫోన్లలోనే ఉండాయి. రాసేటప్పుడు ఇంకో మనిషి చేత కూడా వినిపించండి.